గంజి పళ్ళెం

"నీ నత్తల్ని కూడా ఏరి పెట్టానమ్మాయ్, ఏ జాతివి ఆ జాతికి," అంది మా అత్తయ్య, నేను కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా.

ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు. ఆ శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం మా ఇంట్లో. వరండా కడిగి చాపలు పరిచి ఉంది. గోడవారగా ఎప్పుడూ మూడు ప్లాస్టిక్ టబ్బులుంటాయి. ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది తోమి పెరట్లో బోర్లించి ఉంది. జనం కూర్చోవడానికి చోటు చాలదని మూడింట్లోవీ రెండింట్లో సర్దానని అత్తయ్య చెప్పింది. గీతల గుల్లలవి ఒకదాంట్లో, నున్నటి గుల్లలవి ఇంకోదాంట్లో. పొద్దున్నించీ పీట వేసుకుని ఏరిందట, నడుం పట్టేసిందట. మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకే చూస్తోంది.

అత్తయ్య పేరు సామ్రాజ్యం. దుగ్గిరాల మనిషి. మామయ్యగారు చిన్నవయసులోనే పోతే పసుపు యార్డులో ఏరుడు పనికి వెళ్ళి కొడుకుని ఎమ్మెస్సీ దాకా చదివించింది. కొమ్ములు ఒక రాశి, కాయలు ఒక రాశి. ఆ చేతులు ఇప్పటికీ అలాగే పనిచేస్తాయి. బియ్యం, బీరువాలో చీరలు, పెళ్ళికొచ్చిన చుట్టాలు, ఏది కనపడినా రెండు రాశులు చేస్తుంది. కలగాపులగంగా ఉన్నదాన్ని చూస్తే ఆమెకి మనసు నిలవదు.

ఆ మూడు టబ్బులూ మూడు ఊళ్ళు. ఒకదాంట్లోవి మా తెనాలి కాలవలోవి, ఒకదాంట్లోవి బాపట్ల పక్క డ్రెయిన్‌లోవి, ఒకదాంట్లోవి రేపల్లెలో, సముద్రపు పోటుకి నీళ్ళు ఉప్పెక్కే మురుగు కాలవలోవి. ఏ నత్త ఏ ఊరిదో తెలియకపోతే నా పనికి అర్థమే లేదు. టబ్బుల మీద ఊళ్ళ పేర్లు రాసి చీటీలు అంటించాను. అత్తయ్య వాటిని చదివింది కూడాను. రోజూ బైబిలు చదివే మనిషి, అక్షరాలు రాక కాదు. ఊళ్ళతో మనకేం పని, జాతి చూడాలి గానీ అనుకుందట.

చెడగొట్టారని అనలేకపోయాను. మంచిపని చేశారనీ అనలేకపోయాను. కూటానికి వచ్చేవాళ్ళకి శనగలు ఉడకాలి, టీ కాచాలి, పాపకి గౌను మార్చాలి. ఏడవడానికి ఆ సాయంత్రంలో ఖాళీ లేదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించాను. బయట పాట ఎత్తుకున్నారు. నాకు పాట మాటలు ఒక్కటీ చెవిన పడలేదు, పప్పు గరిటెతో శనగలు కలుపుతూ ఏవి ఎక్కడివో గుర్తుపట్టగలనా అని ఒకటే ఆలోచన.

కూటం అయిపోయి, గ్లాసులు కడుగుతుంటే మా ఆయన రాజారత్నం బాపట్ల నుంచి రైలు దిగి వచ్చారు. అక్కడి కాలేజీలో జువాలజీ లెక్చరర్. సంగతి వినగానే నవ్వారు. తల్లి భుజం తట్టి, "చూశావా, నేనిన్నేళ్ళు కొలిచి కొలిచి తేల్చినదాన్ని మా అమ్మ ఒక్కరోజులో తేల్చేసింది," అన్నారు. ఆయన థీసిస్ అదే మరి. ఈ మూడు ఊళ్ళ నీళ్ళలో దొరికే సన్నటి పొడుగాటి నత్తలు రెండు జాతులు, గీతలవి ఒకటి, నున్నటివి ఒకటి అని. గుల్ల పొడుగు, వెడల్పు, చుట్లు కొలిచి రాసిన అధ్యాయాలన్నీ టైపు అయిపోయాయి. ఒక్క అధ్యాయం మిగిలింది. అది నా చేతిలో ఉంది.

అది నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. మేమిద్దరం ఒక క్లాసులో చదివాం. ఎమ్మెస్సీలో నాకే మార్కులు ఎక్కువ వచ్చాయి. ఈ మాట మా ఇంట్లో ఎవరూ అనరు, నేనూ అనను. మా ప్రకాశరావు సారు పీహెచ్‌డీకి ఇద్దరినీ రమ్మన్నారు. అప్పటికి పెళ్ళయింది. "ఇద్దరం ఒకేసారి చదువుకి కూర్చుంటే ఇల్లేమవుతుంది దేవీ? ముందు నాది కానీ, తరవాత నీది," అన్నారు మా ఆయన. ఎంత మర్యాదగా అన్నారంటే నాకు కాదనడానికి సందు దొరకలేదు. తరవాత పాప పుట్టింది. తరవాత తెనాలి ఆడపిల్లల కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చింది. తరవాత ఆడపడుచు పురిటికొచ్చింది. తరవాత అనే మాట మా ఇంట్లో గోడ గడియారంలాగా ఆగకుండా నడుస్తూనే ఉంది.

ఈలోగా గుల్లల కొలతలు మాత్రమే చాలవు, జన్యువుల సాక్ష్యం కూడా కావాలని ప్రకాశరావు సారు పట్టుబట్టారు. గుల్ల పైపైది, చుట్టరికం లోపల ఉంటుందని ఆయన వాదం. దానికొక పద్ధతి ఉంది. బంగాళాదుంప పిండిని చిక్కటి గంజిలాగా ఉడికించి పళ్ళెంలో పోసి గడ్డకట్టించాలి. నత్త కండని చల్లటి నీళ్ళలో నూరి, ఆ రసంలో కాగితం ముక్క ముంచి గంజిలో గుచ్చి కరెంటు పెట్టాలి. రసంలో ఉన్న ప్రోటీన్లు గంజిలోంచి పాక్కుంటూ పోతాయి. ఒక్కో జన్యువు చేయించిన ప్రోటీను ఒక్కోచోట ఆగుతుంది. రంగు పోస్తే ఆగినచోట పట్టీ కనపడుతుంది. పట్టీలు ఒకచోట ఉంటే దగ్గరి చుట్టాలు, దూరంగా ఉంటే దూరపు చుట్టాలు. మా ఆయన రెండుసార్లు ప్రయత్నించారు. ఒకసారి ఉండకట్టింది, ఒకసారి అడుగంటింది. "గంజి కాచడం మీ ఆడవాళ్ళకి కొత్తా? ఆ పని నువ్వు చెయ్యి, ఆలోచించే పని నేను చూసుకుంటాను," అని గరిటె నా చేతిలో పెట్టారు.

అట్లా మా ఇంటి స్టోరు గది లాబరేటరీ అయింది. రేడియోలు బాగుచేసే బుడే సాహెబ్ గారు కరెంటు పెట్టె ఒకటి చేసిపెట్టారు. తెల్లవారుజామున వోల్టేజీ నిలకడగా ఉంటుంది, అప్పుడే లేచి గంజి కాచి పళ్ళెం ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. ఆ తరవాతే కాఫీలు, టిఫిను, పాప జడలు, మా ఆయన క్యారేజీ. "ఫ్రిజ్‌లో నత్తలు పెడితే పాలు ఎట్లా తాగడమే?" అని అత్తయ్య కొన్నాళ్ళు పాలు ముట్టలేదు. కాలేజీలో స్టాఫ్‌రూములో కూర్చుంటే, మేడమ్ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని తలా ఒక రిజిస్టరూ నా ముందుకి తోసేవాళ్ళు. యూనివర్సిటీకి వెళితే నేను రత్నం సార్ మిసెస్‌ని. ఇంట్లో మాత్రం రోజూ పొద్దున్నే మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకుని వంటింట్లోకి తొంగిచూసి ఒకే మాట అడిగేవారు, "గంజి కాచావా?" అని. ఎగతాళి లేదు దాంట్లో, ముద్దే అనుకోవాలి. కానీ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నత్తని చూపించి ఆడదాని ఓర్పు గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళంటే నాకు చిరాకు. నత్తకి ఓర్పేమీ లేదు, ఆకలి ఉంది. నేను వాటిని పోలికల కోసం పెంచలేదు, అవి అచ్చంగా అవే అయినందుకు ఇష్టపడ్డాను. ఈ నత్తల్లో మగవి కనపడడమే అరుదు. ఒక్కదాన్ని విడిగా సీసాలో వేసి ఊరుకుంటే కొన్నాళ్ళకి దాని చుట్టూ ఆవగింజంత పిల్లలు తిరుగుతుంటాయి. తల్లి గుర్తులు పిల్లలో, పిల్ల గుర్తులు దాని పిల్లలో చెక్కుచెదరకుండా దిగుతాయి. ఆ సీసా చూపిస్తే మా ఆయన, "ఇది మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళకి చెప్పకు," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాప పుట్టిన రోజు నుంచీ ముక్కు మామయ్యగారిదని, నుదురు మా ఆయనదని, చేతివేళ్ళు మేనత్తవని పంచేసుకున్నారు వాళ్ళు. బాపట్లలో మా అమ్మ కమలమ్మ ఒక్కతే మనవరాలిని ఎత్తుకుని, దీనిది నా గొంతు అని నా చెవిలో మాత్రమే చెప్పింది.

కూటం అయిన మర్నాడు, కలిసిపోయిన నత్తల్ని పారబోయమన్నారు మా ఆయన. వేసవికి కాలవలు కట్టేసే లోపల మళ్ళీ పట్టుకొచ్చుకుందాంలే అన్నారు. నాకు పారబోయబుద్ధి కాలేదు. కలిసిపోక ముందు ఒక్కో ఊరివీ కొన్నిటిని నేను గంజిలో నడిపి ఉన్నాను. ఏ ఊరి పట్టీ ఎక్కడ ఆగుతుందో నా కళ్ళకి అలవాటయింది. అందుకని అత్తయ్య ఏరిన గీతల నత్తల్నే ముందు నూరి పెట్టాను, ఏది ఎక్కడిదో తెలియకుండానే.

రంగు పోసి స్టూలు మీద కూర్చున్నాను. పట్టీలు మెల్లగా నీలంగా తేలాయి. గీతలవన్నీ ఒక జాతయితే అన్నీ ఒకచోట ఆగాలి. ఆగలేదు. మూడు చోట్ల ఆగాయి. ఒకటి తెనాలిది, ఒకటి బాపట్లది, ఒకటి రేపల్లెది. తరవాత నున్నటివి పెట్టాను. అవీ అదే మూడు చోట్ల. గుల్ల మీద గీతలున్న రేపల్లె నత్త, నున్నటి రేపల్లె నత్త ఒక తల్లి పిల్లలు. వాటికి గుల్ల తెచ్చింది నీళ్ళు. పారే నీళ్ళలో పెరిగినదానికి ఒక గుల్ల, నిలవ నీళ్ళలో పెరిగినదానికి ఇంకో గుల్ల. పోలికని బట్టి అత్తయ్య ఒకచోట పెట్టిన తెనాలి గీతల నత్తా రేపల్లె గీతల నత్తా ఒకదానికొకటి ఏమీ కావు.

నాకు కలిగింది సంతోషమని ఒప్పుకోవడానికి భయం వేసింది. ఎందుకంటే దాని అర్థం నాకు ఆ క్షణంలోనే తెలుసు. మా ఆయన రెండు జాతుల థీసిస్ నిలబడదు.

ఎవరికీ చెప్పలేదు. ముందు నాకు నమ్మకం కుదరాలి. ఆ ఆదివారం ఆరాధన అవగానే పాపని అత్తయ్య దగ్గర వదిలి రేపల్లె రైలెక్కాను. ఒంటరిగా ఎందుకని అత్తయ్య రెండుసార్లు అడిగింది. పని ఉందని చెప్పాను. ఆ మాట నేను నా కోసం వాడడం అదే మొదలు. మురుగు కాలవలో మోకాలు లోతున దిగి చీర చెంగు బొడ్లో దోపుకుని, పారే నీళ్ళలోవీ, గుర్రపుడెక్క కింద నిలవ నీళ్ళలోవీ వేరువేరు సీసాల్లో ఏరుతుంటే గట్టు మీద బట్టలుతుకుతున్న ముసలామె లాల్ బీ పలకరించింది.

"ఏంటమ్మా ఏరుతున్నావు, బాతులకా?"

"కాదండి, పరీక్షకి."

"ఎవరికి పరీక్ష, నీకా, వాటికా?" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. బురదలో నిలబడి అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

అదే వారంలో తెనాలి కాలవకీ, బాపట్లకీ వెళ్ళాను. ఈసారి సీసాలు తాళం వేసి పెట్టాను. పట్టీలు మళ్ళీ అక్కడక్కడే ఆగాయి. ఫోటోలు తీయించి, శనివారం టిఫినయ్యాక మా ఆయన ముందు పరిచాను. ఆయనకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తెలివైనవాడే, అందులో అనుమానం లేదు. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి నా వైపు జరిపారు.

"కలిసిపోయిన నత్తల ఫలితాలివి. చెల్లవు."

కొత్తగా తెచ్చినవి కూడా ఉన్నాయని చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఏప్రిల్‌లో థీసిస్ ఇవ్వకపోతే ఈ ఏడు ప్రమోషను పోతుందన్నారు. ఇన్నేళ్ళ కష్టమన్నారు. అదంతా నిజమే. ఆయన గుల్లలు కొలుస్తూ కళ్ళు పాడుచేసుకోవడం నేను చూశాను, జాలి నాకూ ఉంది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, బుజ్జగించినట్టుగా అన్నారు.

"రేపల్లెవి తీసెయ్యి దేవీ. మిగతావాటిలో మనకి సరిపోయేవి కొన్ని పెడదాం. అడిగితే మా అమ్మ కలిపేసిందని చెబుతాను, చదువుకోని మనిషి, ఎవరూ ఏమీ అనరు. నీ పేరు కృతజ్ఞతల్లో ఎట్లాగూ రాశాను."

రాసింది నేను చూశాను. సహనంతో సహకరించిన నా సతీమణికి, అని ఉంది. టైపు చేయించేటప్పుడు తప్పులు దిద్దింది నేనే. ఆ వాక్యంలో తప్పులు లేవు.

మధ్యగదిలో అత్తయ్య చాటలో బియ్యం చెరుగుతోంది. చాట చప్పుడు ఆగిపోయింది. చదువుకోని మనిషి అన్న మాట ఆమె విన్నది. కాసేపటికి చాట మళ్ళీ కదిలింది.

ఆ రోజంతా నేను ఆలోచించాను. బట్టలు నానబెడుతూ, పాపకి ఎక్కాలు చెబుతూ, చేప పులుసుకి చింతపండు పిసుకుతూ ఆలోచించాను. రోజూ పొద్దున్నే లేచి కాచిన గంజి నాది. మురుగు కాలవలో దిగిన కాళ్ళు నావి. అవన్నీ వదిలేసుకోవడం నాకు అలవాటే, మార్కులు వదులుకున్నాను, సీటు వదులుకున్నాను. కానీ ఇది వదలడం నావల్ల కాదని తెలిసింది. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. రేపల్లె మురుగు కాలవలో ఒక తల్లి పిల్లలు ఉన్నాయి. వాటిని ఒకదానికొకటి పరాయివని నా చేత్తో రాయించాలని చూస్తున్నారు. అబద్ధం అని ఇంత తేటగా తెలిశాక దానికి గంజి కాచి పెట్టడం నాకు చేతకాదు.

సోమవారం సెలవు పెట్టి, యూనివర్సిటీకి, సారు దగ్గరికి వెళుతున్నానని మా ఆయనకి చెప్పే బయల్దేరాను. ఆయన నమ్మలేదనుకుంటాను, ఆపలేదు. ప్రకాశరావు సారు ఫోటోలన్నీ కిటికీ వెలుగులో ఒక్కొక్కటే పట్టుకుని చూశారు. టబ్బులు కలిసిపోయిన సంగతీ ఏదీ దాచకుండా చెప్పాను.

"అయితే ఏది ఏ ఊరిదో తెలియకుండానే నడిపావా అమ్మా, ఈ కలిసిపోయినవి?"

"అవునండి. మా అత్తగారు కలిపేశారు."

"మంచిపని చేసిందావిడ. నువ్వు కోరుకున్న ఫలితం రాయించుకున్నావని ఇంకెవరూ అనలేరు," అన్నారు సారు. తరవాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "రత్నం మొత్తం తిరగరాయాలి. తెలుసుగా? మొగుడూ పెళ్ళాల మధ్య నన్ను పెట్టకు. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చానండి. ఆయన ఏం రాసుకుంటారో ఆయనిష్టం. ఈ గంజి పళ్ళేలు మాత్రం నావి సార్. మీరు అప్పట్లో ఇస్తానన్న సీటు నాకు కావాలి."

సారు చోటు లేదన్నారు, స్కాలర్‌షిప్ లేదన్నారు. మా ఇంట్లో స్టోరు గది ఉందని, జీతం వస్తోందని చెప్పాను. చివరికి దరఖాస్తు పట్టుకుని రమ్మన్నారు.

ఇంట్లో ఆ పూట నుంచీ మాటల్లేవు. మా ఆయన క్యారేజీ తీసుకోకుండా వెళ్ళేవారు. ఆడపడుచు ఉత్తరం రాసింది, అన్నయ్య పరువు తీశావని. అత్తయ్య అన్నం ముందు కూర్చుని ఒక్కమాటే అంది, "వాడి నోటి కాడి కూడు లాగావమ్మాయ్." నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అత్తయ్య మీద కోపం లేదు, ఆ కూడు ఆమె నడుం వంచి వండింది. కాసేపాగి ఆ ఫోటో ఒకటి ఆమె ముందు పెట్టి, ఇదిగో మీరు ఏరినవి, గీతలవీ నున్నటివీ ఇక్కడ ఒకేచోట ఉన్నాయి చూడండి, ఒక తల్లివి అని చూపించాను. ఆమె ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది. తిరిగి ఇచ్చింది.

వారం గడిచింది. ఆ తెల్లవారుజామున గంజి కలుపుతుంటే వరండాలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. గరిటె చేత్తోనే వెళ్ళి చూశాను. పెరట్లో బోర్లించిన మూడో టబ్బు అత్తయ్య తెచ్చి మిగతా రెండింటి పక్కన పెడుతోంది.

"దారికి అడ్డం లేకుండా గోడకి జరిపాను. ఊళ్ళ పేర్లు నువ్వే రాసుకో, నాకు తెలవదు," అంది నావైపు చూడకుండా.

మళ్ళీ స్టవ్ దగ్గరికి వచ్చాను. ఇంకొంచెం ఆగితే అడుగంటేది. మా ఆయన బ్రష్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. వారం తరవాత మొదటిమాట. ఏమీ జరగనట్టు, అంతా ఎప్పటిలాగే ఉన్నట్టు అడిగారు.

"గంజి కాచావా?"

"కాచానండి," అన్నాను, గంజి పళ్ళెంలోకి వంచుతూ. "నా థీసిస్‌కి."